తోక పటేల్ ట్రాలీ

మా నాయనకు ట్రాక్టరు లేదు. ట్రాలీ మాత్రం ఉండేది. ఈ మాట చెబితే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. లోకంలో ఎవరైనా ముందు ట్రాక్టరు కొంటారు, తర్వాత దాని వెనక కట్టడానికి ట్రాలీ కొంటారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని సామెత ఉంది కదా, మా నాయన ఆ సామెతను ఇనుముతో చేయించి నారాయణఖేడ్‌లో మా వాకిట్లో నిలబెట్టుకున్నాడు.

ఇది ఎనభైల నాటి ముచ్చట. కల్హేర్ దిక్కు ఒక ఆసామి తన ట్రాక్టరు అమ్మేస్తే, కొన్నవాడు ట్రాక్టరును తోలుకుపోయి ట్రాలీ వద్దన్నాడట. తెలివైనవాడు. మా నాయన పాలిచ్చే బర్రెను ఆ ఆసామి కొట్టంలో కట్టేసి, తుప్పు పట్టిన ట్రాలీని ఎవరిదో ట్రాక్టరు వెనక తగిలించి ఇంటికి తెచ్చాడు. అమ్మ చేతిలో ఖాళీ పాలచెంబుతో వాకిట్లో నిలబడింది.

"బర్రె పాలిచ్చేది. ఇదేమిస్తది?"

"ఊర్ల ట్రాక్టర్లు శానా ఉన్నయి. ట్రాలీలే తక్కువున్నయి. ఆళ్లే మనింటికొస్తరు సూడు."

ఎవరూ రాలేదు. మొదటి ఏడాది అందులోకి ఎక్కినవి మా కోళ్లే. అవైనా గుడ్లు పెట్టడానికి ఎక్కాయి గానీ నాయన మీద గౌరవంతో కాదు. బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో కూర్చునేవాళ్లు నాయనకు తోక పటేల్ అని పేరు పెట్టారు. "ఏం తోక పటేలా, తలకాయ ఎప్పుడు తెస్తవ్?" అని అడిగేవాళ్లు. నాయన చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, వినపడనట్టు కూర్చునేవాడు. ఇంటికొచ్చి మాత్రం ట్రాలీ చుట్టూ తిరుగుతూ వాళ్లందరినీ పేరుపేరునా తిట్టేవాడు. ఆ ట్రాలీ మీద నాకు ఇప్పటికీ కోపమే. పెరుగు లేని అన్నం తిన్నదాన్ని నేను.

తలకాయ చివరికి మా అమ్మ పుట్టింటి నుంచి వచ్చింది. అమ్మ తమ్ముడు, అంటే మా మామ, సిర్గాపూర్‌లో ఎర్ర ట్రాక్టరు కొన్నాడు. ట్రాలీ కొనడానికి చేతిలో డబ్బు ఆడలేదు. ఇంకేం, బామ్మర్ది ట్రాక్టరుకు బావ ట్రాలీ తగిలింది. ఊళ్లో కందులూ జొన్నలూ సున్నమూ ఇసుకా పెళ్లిబృందాలూ అన్నీ ఆ రెంటిమీదే పోయేవి. నాయన ట్రాలీ ముందు రేకును ఆనుకుని, మామ వీపుకు రెండు బారల దూరంలో కూర్చుని ఊరంతా తిరిగేవాడు.

మామ మనిషి మంచివాడే. మెడ మాత్రం తిరగదు. ట్రాక్టరు ఎక్కాక వెనక్కి చూడటం ఆయన జన్మలో లేదు. "ఎనక సూస్త కూసుంటే ముందటిది ఎవడు సూడాలె?" అనేవాడు. నాయన వెనక నుంచి అరిచినా ఇంజను చప్పుడులో వినపడేది కాదు. అందుకని నాయన ఒక చువ్వతో ముందు రేకు మీద కొట్టేవాడు. మామ దానిని ట్రాలీ సహజంగా చేసే చప్పుడు అనుకునేవాడు.

ఇక పిన్ను సంగతి చెప్పాలి. ట్రాక్టరు వెనక ఉండే హుక్కుకూ ట్రాలీ ముక్కుకూ ఒక్కో రంధ్రం ఉంటుంది. రెంటినీ ఒకదాని మీదొకటి ఆనించి, జానెడు ఇనుప పిన్ను దించుతారు. ఆ రెంటికీ ఉన్న చుట్టరికం అంతే. మామ హోటల్లో కూర్చున్నప్పుడు ట్రాక్టరు తాళంచెవిని వేలికి తగిలించి తిప్పేవాడు. నాయనకు తిప్పడానికి ఏముంది? పిన్ను ఉంది. సాయంత్రం ట్రాలీ విప్పగానే పిన్ను తీసి, తుడిచి, నడుముకు దోపుకునేవాడు. ఆ బరువుకు ధోతి ఒక పక్కకు జారిపోయేది. హోటల్లో బల్ల మీద మామ తాళంచెవి పక్కన దాన్ని ఠంగుమని పెట్టేవాడు. పిన్ను లేనిదే బండి కదలదు కాబట్టి తానూ సగం యజమానినే అని దాని అర్థం. మామ దగ్గర వేరే పిన్ను ఉంటే ఈయన పరువు ఏమవుతుందోనని, మామ కొనకుండా కాపలా కూడా కాసేవాడు.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. మా ట్రాలీకి గ్రీజు తప్పేది కాదు. జాకీ పెట్టి చక్రం లేపి, చేత్తో తిప్పి, దానికి చెవి దగ్గరగా పెట్టి వినడం నాయన పద్ధతి. గరగరమంటే బేరింగు ఎండినట్టు. నాయనకు చెవి అంత బాగుండదు గనుక అమ్మను పిలిచేవాడు. అమ్మ వంటింట్లోంచే "ఎడమది మొత్తుకుంటున్నది" అని చెప్పేది, అదే నిజమయ్యేది. బర్రె కడుపు నొప్పినీ దూడ ఆకలినీ గొంతు విని పట్టేసిన మనిషికి బేరింగు ఒక లెక్కా? బరువు మోసే కమాన్ పట్టీలు ఏటా విరిగేవి. అడుగు రేకుకు అతుకులు వేసీ వేసీ, అసలు రేకు ఎక్కడుందో వెల్డింగు చేసేవాడికి కూడా తెలియకుండా పోయింది.

మామకు ఓపిక నశించింది కందుల రోజున. కందుల బస్తాలు మార్కెట్‌కు తీసుకుపోతుంటే ట్రాలీ వెనక తలుపు, దాన్ని డాల అంటారు, గొళ్లెం విరిగి తెరుచుకుంది. నాయన ఆరోజు జ్వరంతో ఇంట్లో ఉన్నాడు. మామ ఎలాగూ వెనక్కి చూడడు. బస్తాలు ఒకటొకటే దిగిపోయాయి. మార్కెట్‌లో మామ దర్జాగా దిగి, హమాలీలను పిలిచి, వెనక్కి వెళ్లి చూస్తే ట్రాలీలో ఒక చీపురు ఉంది.

సాయంత్రం మామ మా ఇంటికొచ్చి, మంచం మీద కూర్చోకుండా నిలబడే చెప్పాడు.

"బావా, ఇగ నాతోని గాదు. దసరా తెల్లారి అమ్మ మొక్కు తీర్సనీకి బోరంచ వోవాలె కదా. వొయేటప్పుడో వచ్చేటప్పుడో నీ ట్రాలీ దారిల ఆగిందా, ఇగ నేను హైదరాబాద్‌ల కొత్త ట్రాలీ తెచ్చుకుంట. సరుకు తానే ఎత్తి పోసేది. నువ్వేమనుకోకు."

మామ వెళ్లాక నాయన ట్రాలీ దగ్గరికి పోయి దాని ముక్కు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. మామ కొత్త ట్రాలీ తెస్తే ఇది మళ్లీ కోళ్లగూడు అవుతుంది, ఈయన మళ్లీ తోక పటేల్ అవుతాడు. ఆ సంగతి మా అందరికీ తెలుసు. బర్రె కోసం ఎంత కోపమున్నా, ఆ పూట నాకు నాయన మీద జాలేసింది.

మొక్కు మా అమ్మమ్మది. కొడుకు బోరులో నీళ్లు పడితే బోరంచ నల్లపోచమ్మకు యాటను, అంటే మేకపోతును, ఇస్తానని మొక్కుకుంది. నీళ్లు పడ్డాయి. అందుకని చుట్టాలందరం యాటతో సహా ట్రాలీలో పోవాలి.

దసరా దాకా నాయన ట్రాలీ కింద నుంచి బయటికి రాలేదు. అన్నం కూడా కిందికే పంపేవాళ్లం. కమాన్ పట్టీలు మార్చాడు, బేరింగులు కిరోసిన్‌లో కడిగి గ్రీజు కూరాడు, టైర్లకు అతుకులు వేయించాడు. డాలకు ఒక గొళ్లెం చాలదని పైనుంచి గొలుసు, ఆ గొలుసు మీద నాటుకొక్కెం, దాని మీద మోకు కట్టాడు. ఆ డాల తెరవాలంటే ఇక మాకే అరపూట పట్టేది. చివరికి ఎర్ర రంగు వేశాడు. మిగిలిన రంగు మా గడపకు కూడా వేశాడు. ఇల్లు అలకగానే పండుగ కాదు అని అమ్మ అంది గానీ, అంటూనే ట్రాలీకి బంతిపూల దండ గుచ్చింది.

దసరా రోజు పనిముట్లన్నీ దేవుడి ముందు పెట్టి పూజ చేయడం మా దగ్గర ఆచారం. కొడవలి, గొడ్డలి, నాగలికర్రు, అమ్మ కత్తిపీట, అన్నీ గూట్లో పెట్టాం. ట్రాలీ గూట్లో పట్టదు. అందుకని దాని తరఫున నాయన పిన్నును పాలతో కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి దేవుడి ముందు నిలబెట్టాడు. మా ఇంట్లో ఇంకో కట్టడి కూడా ఉంది. ముందు వెలిగించిన దీపం దానంతటదే కొండెక్కేదాకా అక్కడి వస్తువు ఏదీ తీయకూడదు. దీపాన్ని ఊదకూడదు, ఒత్తి లాగకూడదు. అది అరిష్టం.

మామూలుగా ఆ దీపం తెల్లవారేసరికి కొండెక్కేది. ఆ ఏడు మాత్రం అమ్మ, తమ్ముడి మొక్కు సజావుగా తీరాలని, కుంచెడంత ప్రమిద పెట్టి అంచుదాకా నూనె పోసింది. తెల్లారింది. దీపం నిక్షేపంగా వెలుగుతోంది. నాయన స్నానం చేసి వచ్చాడు, వెలుగుతోంది. చుట్టాలు వచ్చారు, ఇంకా వెలుగుతోంది. నాయన గూడు ముందు నిలబడి దాన్ని చూసిన చూపు భక్తుడి చూపు కాదు. తలుపు తెరిచి గాలి వచ్చేలా చూశాడు. గాలికి దీపం ఇంకా బాగా వెలిగింది.

బయట మామ హారను కొడుతున్నాడు.

"పిన్ను తియ్యి నాయినా, దేవుడేమనుకోడు," అన్నాను నేను.

"దేవుడనుకోడు. మీయమ్మ అనుకుంటది," అని నాయన పెరట్లోకి పోయాడు.

కాసేపటికి టకటకమని చప్పుడు. పోయి చూస్తే అమ్మ కారం దంచే రోకలిని కాళ్ల మధ్య పెట్టుకుని, బాడిశతో ఒక కొస సన్నగా చెక్కుతున్నాడు.

"అమ్మ సంపుతది," అన్నాను.

"బోరంచ వొయి వచ్చినంక సంపనీ."

రోకలిని కండువాలో చుట్టుకుని, చెక్కిన కొసను హుక్కులోకి దించి, పైన నిలబడిన రోకలి కనపడకుండా బంతిపూల దండ చుట్టేశాడు. చూడటానికి అదేదో కొత్త మొక్కులా ఉంది. చుట్టాల్లో ఒకామె దానికి దండం కూడా పెట్టింది. మామ ఇవేవీ చూడలేదు, ఎందుకంటే అది వెనక ఉంది.

ట్రాలీలో జొన్న సొప్ప పరిచి అందరం కూర్చున్నాం. అమ్మమ్మ నడిమధ్యలో, ఆమె పక్కన యాట. నాయన ఎప్పటిలా ముందు రేకు దగ్గర, పైకెక్కి కూర్చుని రోకలి మీద చూపు పెట్టాడు. చక్రాలు సుయ్యిమంటున్నాయి. కమాన్లు కిర్రుమనలేదు. దారిలో ఎవరు కనపడినా నాయన చెయ్యి ఊపాడు. వాగు దాటాం. వాగు అవతల ఎత్తు మొదలైంది. ఎత్తు ఎక్కుతుంటే సొప్పతో సహా అందరం మెల్లగా వెనక్కి జారాం. మామ గేరు మార్చి ఒక్క ఊపు ఇచ్చాడు.

ఫట్ మంది.

రెండే చక్రాల ట్రాలీ అది. బరువంతా వెనక్కి చేరింది కాబట్టి ముక్కు ఒక్కసారిగా ఆకాశానికి లేచింది, వెనక కొస నేలకు ఆనింది. చుట్టాలందరం అమ్మమ్మ మీద, అమ్మమ్మ యాట మీద, యాట డాల మీద పడ్డాం. ట్రాలీ కొంతదూరం వెనక్కి ఈడ్చుకుంటూ పోయి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నాయన మాత్రం మా అందరి నెత్తి మీద, ముందు రేకును కావలించుకుని జెండాలా వేలాడుతున్నాడు. అక్కడి నుంచి ఆయన అన్న మొదటి మాట ఇది.

"డాల పట్టిందా లేదా?"

పట్టింది. గొలుసు, కొక్కెం, మోకు అన్నీ పట్టాయి. అందుకే మేం బయటికి రాలేకపోయాం. పక్క రేకులు ఎక్కి ఒక్కొక్కరం దిగాం. చివరికి అమ్మమ్మ దిగగానే బరువు తప్పి, ముక్కు నాయనతో సహా ధడేలున కిందికొచ్చింది. నాయన లేచి దులుపుకుని ఎత్తు మీదికి చూశాడు. మామ ట్రాక్టరు ఎత్తు దాటి పోతోంది. బంతిపూల దండ వెనక వేలాడుతోంది. అందరం అరిచాం. మామ మెడ తిరగలేదు.

అమ్మ రోడ్డు మీద విరిగిపడిన రోకలి ముక్కను తీసి, చెక్కిన కొసను వేలితో తడిమి చూసింది. నాయన వైపు చూసింది. ఆ చూపు తిట్టు కంటే ఘోరం.

నాయన ట్రాలీ ముక్కు మీద కూర్చుండిపోయాడు. "ఆగింది," అన్నాడు. "దారిల ఆగింది." మామ పెట్టిన షరతు అదే కదా. నాకు ఏడుపొచ్చింది. ఇనప డబ్బా కోసం ఏడవటం ఏమిటని నా మీద నాకే కోపం కూడా వచ్చింది.

అప్పుడే వాగు వైపు నుంచి గుడుగుడుమంటూ రోడ్డు రోలరు వచ్చింది. రోడ్డు పని వాళ్లది, ఎక్కడో పని ముగించుకుని బోరంచ దిక్కే పోతోంది. దాని డ్రైవరు బీదర్ మనిషి.

"ఏనాయ్తు?" అని కన్నడంలో ఏమైందని అడిగాడు.

అమ్మమ్మ ముందుకొచ్చింది. కొడుకు పేరెత్తి, తల్లిని రోడ్డు మీద పారేసి పోయాడని చెప్పి, యాటను చూపించి, పోచమ్మ పేరు చెప్పింది. పోచమ్మ పేరు విన్నాక ఆ డ్రైవరు కాదనలేకపోయాడు. నీళ్ల ట్యాంకు లాగడానికి రోలరు వెనక హుక్కూ పిన్నూ ఉండనే ఉన్నాయి. ట్రాలీ తగిలించాడు.

రోలరు నడక ఎంతంటే, యాటకు మధ్యలో విసుగొచ్చి కిందికి దూకి, గట్టు మీద మేసి, మళ్లీ మాతో కలిసింది. అమ్మమ్మకు ఆ ప్రయాణం బ్రహ్మాండంగా నచ్చింది. "గిట్ల వోవాలె బండి. ఒళ్లు కదుల్తలేదు," అంది. ఎదురొచ్చిన సైకిళ్లవాళ్లు దిగి నిలబడి చూశారు.

ఇంతలో అక్కడ మామ బోరంచ గుడి ముందు దర్జాగా ఆగాడట. డప్పులవాళ్లు ముందే వచ్చి ఉన్నారు. ట్రాక్టరు కనపడగానే దరువు వేశారు. మామ కిందికి దిగి, "దిగున్రి, దిగున్రి" అని వెనక్కి తిరిగితే, హుక్కులో బంతిపూల దండా దాని లోపల మొరటు కర్రముక్కా ఉన్నాయి. ఆ తర్వాత మామ ట్రాక్టరును ఎంత జోరుగా తిప్పాడో డప్పులవాళ్లు మాకు తర్వాత చెప్పారు.

మాకు ఎదురుగా వచ్చినప్పుడు ఆయన ముఖం సున్నం కొట్టినట్టుంది. మమ్మల్ని లెక్కపెట్టుకుంటూ రోడ్డు దిగి పక్కన ఆగాడు. రోలరు ఆగలేదు. ఆగితే మళ్లీ కదలడానికి టైం పడుతుందని డ్రైవరు సైగ చేశాడు. రోడ్డంతా రోలరే నిండిపోయింది, దాటి ముందుకు పోయే వీలు లేదు. మామ ట్రాక్టరు తిప్పుకుని మా ట్రాలీ వెనక చేరాడు.

అలా మా ట్రాలీ ముందు, ట్రాక్టరు వెనక బోరంచకు చేరాం. నాయన లేచి వెనక డాల దగ్గరికి వచ్చి, మామకు ఎదురుగా కూర్చున్నాడు. చెయ్యి ఊపాలా వద్దా అని ఆలోచించి, చివరికి కొద్దిగా ఊపాడు.

గుడి ముందు మామ దండలోంచి కర్రముక్క పీకి పైకెత్తాడు.

"గిది మా అక్క రోకలి. పెండ్లిల మేమే అరణం వెట్టినం. పిన్నేది బావా?"

"దేవుని గూట్ల. దీపం కొండెక్కలే."

మామ ఏదో అనబోయాడు. అమ్మ రెండో ముక్క చేత పట్టుకుని ఇద్దరి మధ్యకు వచ్చింది.

"ఒకడు ఎనకకు సూడడు, ఒకడు ముందుకు సూడడు. మీ నడుమ నా రోకలి వొయింది. రేపటిసంది పిన్ను సూపెట్టమని నువ్వడగాలె. పిన్ను పైకి లేపి ఈయన సూపెట్టాలె. అప్పటిదాంక బండి కదల్దు. ఏమంటరు?"

"నేను కొత్త ట్రాలీ తెస్తనంటి కదనే అక్కా," అన్నాడు మామ.

"తే," అంది అమ్మమ్మ. "నువ్వు తల్లిని పారేసి వోతే అది నన్ను పట్టుకుంటదా? నేనైతే దాంట్ల ఎక్క."

మామ తల్లివైపు చూశాడు, ట్రాలీ వైపు చూశాడు, డాలకున్న గొలుసూ కొక్కెమూ మోకూ చూశాడు. యాటను దింపడానికి ఆ మోకు విప్పలేక అందరం తంటాలు పడ్డాం. చివరికి మామే కూర్చుని పళ్లతో ముడి లాగాడు. కొత్త ట్రాలీ మాట మళ్లీ ఎత్తలేదు. రోలరు డ్రైవరు అరువిచ్చిన పిన్నుతో మేం ఇంటికి చేరేసరికి దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

దీపావళికి మామ చండ్రకర్రతో కొత్త రోకలి చేయించి, ఇనుప కట్టు వేయించి అక్కకు తెచ్చిచ్చాడు. ఇక ఆ ఏటి నుంచి రోజూ పొద్దున మా వాకిట్లో అదే తంతు. మామ ట్రాక్టరు ఎక్కి, మెడ తిప్పకుండా, "పిన్ను సూపెట్టు బావా" అని అరిచేవాడు. నాయన ముందుకొచ్చి, మామ కళ్ల ఎదురుగా పిన్నును పైకెత్తి, అటూ ఇటూ తిప్పి చూపించి, అప్పుడు వెనక్కి పోయి దించేవాడు. ఎంత తొందర పని ఉన్నా ఆ తిప్పడం తగ్గేది కాదు. ఊళ్లో తోక పటేల్ అనే పేరు పోలేదు గానీ, తోక పటేల్ చెయ్యెత్తందే తలకాయ కదలదని హోటల్లో వాళ్లే చెప్పుకునేవారు. ఆ మాట నాయన ఎన్నిసార్లు మాకు చెప్పాడో.

తొంభైల్లో ఒక వానాకాలం నాయన పోయాడు. దినాలన్నీ అయ్యాక, విత్తనాల బస్తాలు తేవాలని మామ ట్రాక్టరు తెచ్చి ట్రాలీకి ఆనించాడు. అమ్మ అరుగు మీద కారం దంచుతోంది. మామ ఎప్పటిలా ముందుకే చూస్తూ, అలవాటు కొద్దీ, "పిన్ను సూపెట్టు బావా" అని అరిచాడు.

మామ చెయ్యి స్టీరింగు మీద అలాగే ఉండిపోయింది.

అమ్మ లేచింది. ట్రాక్టరు ముందుకు వెళ్లి, చేతిలో ఉన్న రోకలిని పైకెత్తి, అటూ ఇటూ తిప్పి చూపించింది. మామ ముందు పెద్దగా నవ్వాడు. తర్వాత కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కారం కళ్లల్లో పడ్డదన్నాడు. అమ్మ కూడా అదే అంది.

నేను గూట్లోంచి పిన్ను తెచ్చి దించాను. "ఇగ పోనీ మామా," అన్నాను. మామ పోనివ్వలేదు. సీటు మీద మొత్తం ఇటు తిరిగి, ట్రాలీ ముందు రేకు దగ్గర నాయన కూర్చునే చోటు చూసి, అప్పుడు బండి కదిలించాడు.